సున్నపుకాయలో సిరా

నిన్నటిదాకా తాంబూలం పళ్లెంలో ఉన్న గిన్నె... తెల్లారేసరికి పట్వారీ రాతబల్ల ఎక్కింది!

సిరాబుడ్డి. మాట చిన్నదే. ఒక్కసారి విడదీసి చూడండి. సిరా సంగతి తర్వాత చూద్దాం, బుడ్డి మాత్రం అచ్చంగా మనింటిదే. పొట్టిగా, కాస్త పొట్టతో ఉండే చిన్న పాత్ర ఏదైనా బుడ్డే. కిరోసిన్ పోసి వత్తి పెడితే బుడ్డిదీపం. సారా పోస్తే సారాబుడ్డి. సిరా పోస్తే సిరాబుడ్డి. దీనికే మసిబుర్ర అని ఇంకో పాతపేరు కూడా ఉంది. బుర్ర అంటే లోపలి గుజ్జు తీసేసి ఎండబెట్టిన కాయ. దౌతు అనీ అనేవారు, అది 'దవాత్' అనే అరబ్బీ మాట కచేరీల దారిన ఊళ్లలోకి వచ్చి మారిన రూపం. మొత్తానికి కచేరీ తన పేరు తెచ్చుకుంది కానీ గిన్నెను మాత్రం మన వంటింట్లోంచే తీసుకుంది. ఈ వస్తువు పూర్వజన్మ వృత్తాంతం దాని పేర్లలోనే దాగుందన్నమాట.

నార్కట్‌పల్లి అనగానే చాలామందికి గుర్తొచ్చేవి హైవే మీది హోటళ్లు, కామినేని ఆసుపత్రి, చెరువుగట్టు మీది జడల రామలింగేశ్వరస్వామి. హైదరాబాద్-విజయవాడ రహదారిలో నల్లగొండ మీదుగా అద్దంకికి దారి చీలేది ఇక్కడే. బస్సు ఆగుతుంది, చాయ్ తాగుతాం, మళ్లీ ఎక్కేస్తాం. రోడ్డు దిగి లోపలి ఊళ్లలోకి వెళ్తే మట్టిగోడల మీద గూనపెంకులతో పాతకాలం ఇళ్లు ఇంకా అక్కడక్కడా మిగిలున్నాయి. అలాంటి ఒకింట్లో అటక దులిపినప్పుడు కిందికొచ్చిన సామాన్లలో గంగాళం, రెండు సర్వలు, మూత పోయిన మరచెంబు... వాటి మధ్య పిడికిట్లో ఇమిడిపోయే ఓ ఇత్తడి వస్తువు. అడుగు వెడల్పు, నడుము ఉబ్బెత్తు, మూతి సన్నం. అంచున గొలుసు తగిలించుకునే చిన్న కొక్కెం విరిగిన గుర్తు.

టార్చిలైటు వేసి లోపలికి చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. అడుగున అతుకు దగ్గర తెల్లటి పెచ్చు. దాని మీద లక్కలా గట్టిపడిన నల్లటి పొర. తెలుపు కింద, నలుపు పైన. అంటే ముందు సున్నం, ఆ తర్వాత సిరా. తమలపాకులకు సున్నం పెట్టుకునే కాయ కొన్నాళ్లకు రాతకోతల్లోకి దిగిందన్నమాట. ఆ ఇంట్లో ఆడవాళ్లు దాన్ని సున్నపుకాయ అనే అంటారు. మగవాళ్లు దౌతు అంటారు. వస్తువు ఒక్కటే. ఎవరి కాలంలో, ఎవరి చేతిలో చూశారో దాన్నిబట్టి పేరు!

పెళ్లిచూపుల్లో నెగ్గే గిన్నె

సిరాకు ఏ గిన్నె పడితే ఆ గిన్నె పనికిరాదు. దాని కోరికల చిట్టా పెద్దదే. అడుగు బరువుగా ఉండాలి, లేకపోతే మోచెయ్యి తగిలితే చాలు దఫ్తరం మొత్తం నల్లబడుతుంది. మూతి సన్నంగా ఉండాలి, లేకపోతే సిరా ఎండిపోతుంది. మరీ సన్నమైతే కలం దూరదు. ఎత్తు ఎక్కువ ఉండకూడదు. రాసేవాడు నేల మీద బాసింపట్టు వేసుకుని, ముందు వాలుబల్ల పెట్టుకుని కూర్చుంటాడు కాబట్టి చెయ్యి చాచితే అందాలి. మూత ఉండాలి. ఊరూరా తిరిగేవాడికైతే ఆ మూత బిగుతుగా కూడా ఉండాలి.

ఇప్పుడు వంటింట్లోకి, తాంబూలం పళ్లెం దగ్గరికి వెళ్లి వెతకండి. సున్నపుకాయకు ఇవన్నీ ఉన్నాయి. కుంకుమభరిణెకూ దాదాపు ఉన్నాయి. నెయ్యి పోసుకునే మందపాటి కంచుగిన్నెకు బరువుంది కానీ మూత లేదు. పిల్లలకు పాలు పట్టే ఉగ్గుగిన్నెకు ముక్కు అడ్డం. గిద్దె కొలతపాత్రకు అన్నీ బాగున్నా మూతి మరీ విశాలం. అందుకే ఈ పోటీలో సున్నపుకాయ, భరిణె ముందుంటాయి. ఇది నా లెక్క మాత్రమే కాదు, పాతసామాన్ల దుకాణాల్లో 'దవాత్' అని చూపించే చిన్న ఇత్తడి వస్తువుల్ని నాలుగు తిప్పి చూడండి, మీరూ అదే అంటారు.

గిన్నెను మార్చడానికి పెద్ద హంగామా కూడా అక్కర్లేదు. చింతపండు, బూడిద పెట్టి తోమితే పులుపుకు సున్నం పొంగి వదులుతుంది. మట్టిపాత్రకు ఒకసారి అంటు తగిలిందంటే పారెయ్యాల్సిందే. లోహానికి ఆ బాధ లేదు, తోమితే మళ్లీ మడే. నిన్న ఎంగిలి తాంబూలాల మధ్య ఉన్న వస్తువును ఇవాళ సరస్వతి పక్కన పెట్టడానికి ఎవరికీ అభ్యంతరం లేకపోవడానికి కారణం ఈ నమ్మకమే.

ఇక లోపల చిన్న పీలిక. పట్టుగుడ్డదో, దూదిదో. పారసీ రాయసగాళ్ల నుంచి వచ్చిన కిటుకు ఇది. పీలిక సిరాను పీల్చుకుని ఉంటుంది. బుడ్డి ఒరిగినా ఒలకదు. రెల్లుకలం ముంచితే మొన వెళ్లి ఇత్తడికి కొట్టుకోదు, కావాల్సినంత సిరానే అంటుతుంది. ఒక్క గుడ్డముక్కతో సున్నపుకాయ కచేరీ సామాను అయిపోయింది!

గంటానికి సిరా ఎందుకు?

అసలు మన రాతగాళ్లకు చాలాకాలం సిరాబుడ్డితో పని పడలేదు. తాటాకు మీద ఇనపగంటంతో గీసేవారు. తర్వాత మసి పూసి తుడిస్తే గీతల్లో నలుపు నిలిచి అక్షరం కనబడేది. కరణాల కవిలెకట్టలు అలాంటివే. వ్యాపారులకు కడితం ఉండేది. గుడ్డకు నల్లటి పూత పట్టించి, మడతలు పెట్టి, బలపంతో తెల్లగా రాసుకునేవారు. చెరిపి మళ్లీ రాసుకోవచ్చు. ఇప్పటి పిల్లల పలకకు తాత లాంటిదనుకోండి.

కాగితం, కలం, దౌతు... మూడూ ఒక జట్టుగా సుల్తానుల దఫ్తరాలతో వచ్చాయి. పల్లెదాకా బలంగా దిగింది మాత్రం నిజాం కాలంలో. మొదటి సాలార్‌జంగ్ 1865లో జిల్లాబందీ పెట్టి రెవెన్యూ యంత్రాంగాన్ని కొత్తగా కట్టాక ఊరి లెక్కకు కాగితం తప్పనిసరైంది. కచేరీ భాష 1880ల్లో పారసీ నుంచి ఉర్దూకు మారింది. పహాణీ, చెసలా, సేత్వారు, దస్కతు, జమాబందీ... నల్లగొండ రైతు నోట ఇప్పటికీ నలిగే ఈ మాటలన్నీ ఆ సిరాలో మునిగి వచ్చినవే. 1922లో నల్లగొండ నుంచి 'నీలగిరి' పత్రిక తెచ్చిన సంపాదకుడి ఇంటిపేరు గమనించారా? షబ్నవీసు వెంకటరామ నరసింహారావు. నవీసు అంటే పారసీలో రాసేవాడని అర్థం. జిల్లాలో తెలుగు అచ్చుకు దారి వేసిన మనిషి ఇంటిపేరులో కచేరీ రాత ఉండటం తమాషాగా లేదూ!

ఆముదం దీపం, తుమ్మబంక

బుడ్డి సరే, లోపల పోసేదేమిటి? దుకాణంలో సీసాలు, సిరా బిళ్లలు రాకముందు ఇంట్లోనే చేసుకునేవారు. రెండు రకాలు.

మొదటిది మసిసిరా. దీపం వెలిగించి, పైన మూకుడు బోర్లించి మసి పట్టడం. కళ్లకు కాటుక పట్టినట్టే. నల్లగొండ, మహబూబ్‌నగర్ మెట్టచేలలో ఆముదం పంటకు కొదవ లేదు కాబట్టి దీపానికి ఆముదమే. ఆ మసిని తుమ్మబంక నానబెట్టిన నీళ్లతో కలిపి నూరాలి. ఎంత నూరితే అంత మెరుపు. ఇందులో ఉన్నది ఉత్త బొగ్గు. ఎండకు వెలవదు, ఇత్తడిని ఏమీ అనదు. నూరడానికి మాత్రం ఓపిక కావాలి.

రెండోది కరక్కాయ సిరా. కరక్కాయ ఉడికించిన కషాయంలో అన్నభేది కలపాలి. రసాయనశాస్త్రం భాషలో అన్నభేది అంటే ఫెర్రస్ సల్ఫేటు. కలిపినప్పుడు లేతగా ఉండి, గాలి తగిలేకొద్దీ నల్లబడుతుంది. కాగితం పోగుల్లోకి ఇంకిపోతుంది కాబట్టి తుడిచినా, గీకినా పోదు. లెక్కపత్రాలకు అంతకంటే ఏం కావాలి? అయితే దీనికో దుర్గుణం ఉంది. పులుపు. ఈ రెండూ కలిసినప్పుడు గంధకామ్లం పుడుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ అక్షరం గోధుమరంగుకు తిరిగి, కాగితాన్ని తినేస్తుంది. పాత దస్తావేజుల్లో అక్షరాల మేరకే చిల్లులు పడి ఉండటం చూసే ఉంటారు. అది ఒక్కోసారి పురుగు పని కాదు, సిరా పని.

కాగితాన్నే తినేది ఇత్తడిని ఊరికే వదులుతుందా? పచ్చటి చిలుము పట్టిస్తుంది. అందుకే దొరల ఇంగ్లీషు దౌతుల్లో పైన ఇత్తడి తళతళలాడినా లోపల గాజుదో, పింగాణీదో చిన్న గిన్నె విడిగా ఉంటుంది. మనవాళ్ల దగ్గర ఆ విలాసం లేదు కానీ కళాయి ఉంది. చింతపండు పులుసుకు ఇత్తడి గిన్నె పాడవకుండా తగరంతో పూత పెట్టించే అలవాటు ఇంటింటా ఉన్నదే. గిన్నెను కొలిమి మీద కాల్చి, నవాసాగరం చల్లి, తగరం ముక్క తాకించి, గుడ్డతో గిర్రున తిప్పితే లోపలంతా వెండిలా మెరుస్తుంది. పులుసుకు వేసిన కళాయే పుల్లటి సిరాకూ కాపు కాస్తుంది. ఇంకో చిక్కుంది. సున్నం సరిగ్గా వదలని కాయలో కరక్కాయ సిరా పోస్తే విరిగిపోతుంది, సున్నానికీ పులుపుకీ పడదు కాబట్టి. నార్కట్‌పల్లి కాయలో సున్నం పెచ్చు మీద నల్లపొర నిగనిగలాడుతూ నిలిచిందంటే అది మసిసిరానే అయ్యుంటుంది.

ఆ బుడ్డి ముందు వణికిన ఊళ్లు

ఇంతవరకూ వింటే ఇదంతా అందమైన పాతసామాను ముచ్చటలా ఉంటుంది. నల్లగొండలో మాత్రం సిరాబుడ్డి అంత అమాయకపు వస్తువు కాదు.

ఊళ్లో నలుగురికి చదువొస్తే గొప్పయిన రోజుల్లో ఆ బుడ్డి ఎవరి ముందుంటే వాడిదే ఊరు. పట్వారీ పహాణీలో పేరు రాస్తే పొలం మీది. రాయకపోతే తాతల నాటి నుంచి దున్నుతున్నా మీది కాదు. కరణంతో కంటు కాటికి పోయినా తప్పదని సామెత ఊరికే పుట్టలేదు. వేల ఎకరాలు కొద్దిమంది దేశ్‌ముఖుల పేర్ల మీదికి చేరడంలో కర్ర చేసిన పని సగమైతే కలం చేసిన పని మిగతా సగం.

రైతు ఇంట్లో ఇత్తడికీ, ఈ సిరాకూ ముఖాముఖి అయ్యే చోటు ఇంకోటుంది. అప్పు. విత్తనాలకో, పెళ్లికో నాగు తెచ్చుకోవాలి. బంగారం ఉన్నవాళ్లెందరు? ఇంట్లో విలువైనదంటే పెళ్లినాడు పుట్టింటివారు పెట్టిన బిందె, చెంబు, గంగాళం. అవే తాకట్టుకు వెళ్లేవి. శిస్తు కట్టకపోతే జప్తుకు వచ్చినవాళ్లు పట్టుకెళ్లేదీ వాటినే. బిందె ఒకవైపు, నోటు కాగితం ఒకవైపు, మధ్యలో దౌతు. చదువురాని రైతు బొటనవేలు ఆ దౌతులోని సిరానే పూసుకుని కాగితం మీద పడేది. కాగితంలో ఏం రాశారో వేలుకు తెలియదు. ఇంటి ఇత్తడి పోయిందన్నది మాత్రం ఆ ఇల్లాలికి బాగా తెలుసు. నీళ్లకు వెళ్లిన ప్రతిసారీ, చంకలో మట్టికుండ గుర్తు చేసేది.

1946 నుంచి 1951 దాకా సాగిన సాయుధపోరాటంలో జనం గడీల మీద పడినప్పుడు ధాన్యంతో పాటు అప్పు పత్రాలను బయటికి లాగి తగలబెట్టడం వెనుక ఈ కోపం ఉంది. కాగితం కాలింది. ఇత్తడి కాలదు కదా... దౌతులు మిగిలాయి.

పట్వారీలూ మిగిలారు. 1954-55లో కాస్రా పహాణీ రాసిందీ వాళ్లే. తెలంగాణలో పటేల్-పట్వారీ, ఆంధ్రలో మునసబు-కరణం వ్యవస్థను 1984 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం ఒక్క ఆర్డినెన్సుతో రద్దు చేసింది. ఆ తర్వాత రికార్డులు కంప్యూటర్లకెక్కాయి. 2020లో ధరణి వచ్చింది, 2025లో దాని స్థానంలో భూభారతి వచ్చింది. అయినా పొలం తగాదా ముదిరితే లాయరు మొదట అడిగే కాగితాల్లో కాస్రా పహాణీ నకలు ఒకటి. మీట నొక్కితే వచ్చే కాలంలోనూ పాత సిరా చెప్పిందే సాక్ష్యం.

ఇంకో ముచ్చట. హైదరాబాద్ దఫ్తరాల్లో తరతరాలుగా కలంపని చేసిన కాయస్థులు దీపావళి తర్వాత రెండోరోజు కలం-దవాత్ పూజ చేస్తారు. పాతబస్తీ కందికల్ గేటు దగ్గర చిత్రగుప్తుడికి గుడి కూడా ఉంది. యముడి కొలువులో మన పాపపుణ్యాల పహాణీ రాసేది ఆయనే కదా. లంచం తీసుకోని పట్వారీ ఆయనొక్కడే అని నల్లగొండలో ఎవరైనా హాస్యమాడితే కోప్పడలేం.

కొలిమి నుంచి తప్పించుకున్నవి

ఒక ప్రశ్న. ఇంటింటా ఇత్తడి, కంచు ఉన్న రోజులు పోయి మహా అయితే ఓ యాభై అరవై ఏళ్లు. అంత సామాను ఏమైపోయింది?

కరిగిపోయింది. అదేమీ కొత్త కాదు కూడా. కంచరివాళ్ల వ్యాపారం నడిచిందే అలా. సొట్టపడిన చెంబు తీసుకెళ్తే తూకం వేసి, మజూరీ తీసుకుని కొత్త చెంబు ఇచ్చేవారు. పాతది మూసలోకి వెళ్లేది. రాగి, తుత్తునాగం కలిస్తే ఇత్తడి. రాగి నాలుగుపాళ్లకు తగరం ఒకపాలు మించితే కంచు. ఎన్నిసార్లు కరిగించినా లోహం లోహమే. ఇవాళ మీ చేతిలో ఉన్న గ్లాసులో మూడు తరాల కిందటి ఎవరి బిందె ఉందో చెప్పలేం. జనగామ దగ్గరి పెంబర్తి పనివాళ్లు ఇత్తడిరేకు మీద చేసే నగిషీకి పేరు ఈనాటిది కాదు, కాకతీయుల కాలం నుంచి చెప్పుకుంటారు. 2010లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. సాయుధపోరాటం రోజుల్లో జనగామ తాలూకా నల్లగొండ జిల్లాలోదే, కాబట్టి పెంబర్తిని మనదనుకోవడంలో తప్పులేదు.

స్టీలు వచ్చాక ఈ చక్రం ఆగింది. పాత ఇత్తడి తూకానికి వెళ్లింది కానీ బదులుగా ఇత్తడి రాలేదు. కళాయి అక్కర్లేని, చింతపండు అక్కర్లేని స్టీలు గిన్నెలు వచ్చాయి. తోమలేక చచ్చిన ఆడవాళ్లకు అది విముక్తే, ఇందులో దిగులుపడాల్సిందేమీ లేదు. కళాయి వేసేవాళ్ల కేక మాత్రం వీధుల్లో వినబడకుండా పోయింది.

మరి సున్నపుకాయ ఎలా మిగిలింది? ఇక్కడే ఉంది కిటుకు. వక్కాకు అలవాటు తగ్గిన ఇంట్లో సున్నపుకాయ ఉత్త తూకపు సరుకు. సిరాబుడ్డి అలా కాదు, అది తాత కూర్చున్న చోటిది. కాగితాల పెట్టెతో పాటు అటకెక్కింది, వంటింటి సామానుతో పాటు తూకానికి వెళ్లలేదు. పని మారింది కాబట్టే ప్రాణం దక్కింది!

తిరకాసుగా, దీనికి పూర్తిగా ఎదురు నడిచిన కథ కూడా ఈ నేల మీదే ఉంది. నార్కట్‌పల్లి పక్కనే రామన్నపేట. ఆ మండలంలో తుమ్మలగూడెం. విష్ణుకుండినుల నాటి ఇంద్రపాలనగరం ఇదే. ఇక్కడ ఆ రాజుల రాగి శాసనాలు దొరికాయి, దాదాపు పదిహేను వందల ఏళ్ల నాటివి. వాటికి రాగిరేకే కాగితం. దానాలు, సరిహద్దులు అన్నీ ఉలితో చెక్కారు. అవి నేలలో పదిలంగా ఉన్నాయి కాబట్టి మనకు దక్కాయి. దేశంలో ఇలాంటి రేకులెన్నో దొరికినవాళ్ల చేతుల్లోంచి నేరుగా కొలిమికి వెళ్లి చెంబులయ్యాయని శాసన పరిశోధకులు పదేపదే వాపోయారు. అక్కడ రాత గిన్నె అయ్యింది. ఇక్కడ గిన్నె రాతకు చేరింది.

అక్కడ నేరం, ఇక్కడ మామూలు

ఉన్న పాత్రకు కొత్త పని చెప్పడం మనకొక్కరికే తెలిసిన విద్య కాదు. ఇంగ్లండులో విక్టోరియా రాణి కాలంలో తాతల నాటి వెండి బీరుమగ్గులకు ముక్కులు అతికించి జగ్గులు చేసుకున్నారు. సాదా వెండి గరిటెల మీద పండ్లు, ఆకులు చెక్కించి పళ్లబల్ల మీదికి కొత్తవిగా తెచ్చారు. అక్కడ వెండికి ముద్ర ఉంటుంది కాబట్టి ఇలా మార్చడం మోసం కిందికి వస్తుంది. ముద్రవేసిన వెండివస్తువును అనుమతి లేకుండా మారిస్తే 1973 నాటి హాల్‌మార్కింగ్ చట్టం ప్రకారం నేరం. మార్చినట్టు తేలితే వేలంలో ధర పడిపోతుంది. వాళ్ల దౌతు పళ్లెంలో సిరా పక్కనే చిల్లుల మూతతో ఇంకో డబ్బీ ఉండేది, తడి అక్షరాల మీద పొడి చల్లడానికి. అది అచ్చం మిరియాలపొడి డబ్బీలా ఉంటుంది. దాన్ని చూసి వంటింటి సామాను అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మన బిద్రీ హుక్కా కుండలు ఆ దేశం చేరి టేబుల్ ల్యాంపుల కింద కూర్చోవడం మరో కథ.

అన్ని దౌతులూ ఇలా పేదింటివేమీ కావు. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో జహంగీరు చక్రవర్తి సిరాబుడ్డి ఒకటుంది. 1618-19లో జేడ్ రాయిలో తొలిచి, పైన బంగారు మూత పెట్టినది. చేసిన పనివాడి పేరు కూడా దాని మీదే ఉంది. దాని ముందు మన సున్నపుకాయ ఏపాటిది? కానీ ఒక్క మాట. జహంగీరు బుడ్డి పుట్టడమే సిరాబుడ్డిగా పుట్టింది. దానికి ఒకే కథ. సున్నపుకాయకు రెండు.

తోమకండి బాబోయ్!

పాతవాటికి గిరాకీ పెరిగాక సిరాబుడ్లకూ మోజు వచ్చింది. హైదరాబాద్ జుమ్మేరాత్ బజార్ లాంటి చోట్ల చిన్న ఇత్తడి డబ్బీ ఏది కనిపించినా 'దవాత్' అయిపోతుంది. నిజంగా సిరా చూసినదేదో, నిన్న మొన్న కుంకుమ ఖాళీ చేసినదేదో తెలుసుకోవడం పెద్ద కష్టం కాదు, కాస్త తీరిగ్గా చూడాలంతే. మూతి అంచున చూడండి. కలం ముంచినవాడు అదనపు సిరాను అంచుకు రాస్తాడు, రోజూ ఒకే పక్కన. అక్కడ మరక ముదిరి ఉంటుంది, ఇత్తడి అరిగి ఉంటుంది. లోపల మూలల్లో పొర గట్టిగా ఉండాలి. కొత్తగా పూసిన నలుపైతే తడిగుడ్డతో వేలుపెట్టి రుద్దగానే అంతటా ఒకేలా వస్తుంది. ఎరుపు ఛాయ కనిపిస్తే కుంకుమ, తెల్లపెచ్చు ఉంటే సున్నం. కొక్కెం ఊడిన గుర్తు, బొడిపె తీసేసిన చోటు, గొలుసు రాపిడికి పడిన గీత... ఇవన్నీ పాత కొలువు ఆనవాళ్లు.

అందుకే ఇంట్లో ఇలాంటిది దొరికితే చింతపండో, పీతాంబరీనో పట్టుకుని బయల్దేరకండి. అరగంటలో బంగారంలా మెరుస్తుంది నిజమే. లోపలి తెల్లపొర, నల్లపొర కూడా దాంతోపాటే తూములోకి పోతాయి. ఆ తర్వాత అది ఉత్త ఇత్తడి డబ్బీ. సున్నం ఎవరు పెట్టుకున్నారో, సిరా ఎవరు ముంచారో చెప్పడానికి ఏమీ మిగలదు. పొడిగుడ్డతో పైపైన తుడిస్తే చాలు.

అమ్మాలనుకునేవాళ్లకు ఇంకో సంగతి. వందేళ్లు దాటిన వస్తువును ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదని 1972 నాటి పురావస్తువుల చట్టం చెబుతుంది. తూకానికి ఇస్తే వచ్చేది ఆ రోజు ఇత్తడి ధర, అదీ పాతదని తరుగు తీసి. అరచేతిలో పట్టే వస్తువుకు ఎంత వస్తుందో మీరే లెక్క వేసుకోండి.

సిరాబుడ్డి మూతపడటానికి కారణాలు వెతకక్కర్లేదు. కలం తన సిరాను తన కడుపులోనే మోసుకోవడం నేర్చింది. 1932లో రాజమండ్రిలో రత్నం పెన్నులు మొదలయ్యాయి, స్వదేశీ ఫౌంటెన్‌పెన్ను చేతికొచ్చింది. కొన్నాళ్లు బడి బల్లలకు బుడ్డి కోసం చేసిన గుంటలు ఖాళీగా నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. బాల్‌పెన్ను వచ్చాక ఆ గుంటలూ పోయాయి.

అటక మీది దాన్ని ఏం చేయాలని అడుగుతారా? ఇంట్లో పెద్దవాళ్లు ఉండగానే ఓ పని చేయొచ్చు. అది ఎవరిది, ముందు ఎందుకు వాడారు, తర్వాత దేనికి వాడారు, ఏ ఊరి నుంచి వచ్చింది... తెలిసినంతవరకు చిన్న చీటీ మీద రాసి, మడిచి అందులోనే పెట్టి మూత వేయండి. బాల్‌పెన్నుతో రాసినా ఫరవాలేదు.